ప్రతివాది లేని కేసు

తాడిచెట్లెక్కే గీత కార్మికుల రక్షణకు ఇచ్చే కాటమయ్య కిట్లు ఊళ్లలో ఎట్లా పనిచేస్తున్నాయో చూసి రమ్మని ఎడిటరుగారు పంపారు. 2024లో లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా మొదలైన పథకం కదా, ఫొటోలతో పేజీ నిండుతుందని ఆయన లెక్క. నల్లగొండ జిల్లాలో నేను వెళ్లిన ఊరి గీత సంఘం అధ్యక్షుడు కిట్టు తెచ్చి చూపించాడు కూడా. నడుముకు బెల్టు, చెట్టుకు తాడు, కొక్కేలు. కాలు జారితే తాడు బిగిసి మనిషిని చెట్టుకే పట్టి ఉంచుతుంది. మంచి సాధనమే. పొద్దునా సాయంత్రం వరసగా చెట్లెక్కేవాడికి ప్రతి చెట్టు దగ్గరా దాన్ని తొడగడం, విప్పడం ఆలస్యమని కుర్రవాళ్లు గొణిగారు. కిట్టు గురించి నేను రాయగలిగింది ఇంతే. మిగిలిన పూటంతా ఒక వేపచెట్టు కింద, మంచం మీద కూర్చున్న మనిషి చేతులు చూస్తూ ఉండిపోయాను.

ఊళ్లో గీత కత్తులన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. చెక్క మీద రాతిపొడి చల్లి, కత్తిని ఏటవాలుగా ఆనించి, మణికట్టు కదలకుండా మోచేతి నుంచి లాగుతాడు. ఆగి, బొటనవేలి గోరు మీద అంచు పెట్టి చూస్తాడు. మళ్లీ లాగుతాడు. "కత్తి మొద్దువడితే గెల నలుగుతది సారూ. నలిగిన గెల కల్లియ్యదు." రోజూ గెల కొసను కాగితమంత పలచగా చెక్కాలి, అంతకన్నా మందం పోతే గెల తొందరగా అయిపోతుంది. మోకు ఒరిపిడికి అరచేతుల్లో కాసిన కాయలు ఇంకా కరగలేదు. దుప్పటి కింద కాళ్లు మాత్రం కదలవు. మంచం పట్టెకు మూత్రం సంచి వేలాడుతోంది.

ఆయన పడ్డనాడు, ముందు రాత్రి వానకు చెట్టు తడిగా ఉంది. కాళ్లకు వేసుకునే గుజి జారింది, మోకు ఆపలేదు. కింద ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి ఇద్దరు రెక్కలు, ఇద్దరు కాళ్లు పట్టుకుని ఆటోలో కుదేశారు. ఆయన వాళ్లను ఒక్క మాట అనడు. నేను అంటాను, వాళ్లను కాదు, వాళ్లకు చెప్పని మనల్ని. ఎత్తు నుంచి పడ్డవాడి వెన్నెముకను వంచకూడదని, 108 కోసం ఆగాలని, కదపక తప్పకపోతే తలుపు చెక్కనో బల్లనో తెచ్చి మనిషిని మొద్దులా కదలకుండా దాని మీదికి చేర్చాలని తాటివనాలున్న ఏ ఊరి బడిలోనైనా నేర్పారా? విరిగిన ఎముక వెన్నుపామును నేల మీద పడ్డాక, ఎత్తేటప్పుడు కూడా కోయవచ్చు.

లోపల పొయ్యి దగ్గర నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. నాకు చెబుతున్నది కాదు. "ఊరోళ్ల కత్తులన్నీ తెగేటట్టు నూరుతవు. నీ కాయితం ఎప్పుడు తెగుతదో!"

తాడిచెట్టు మీంచి పడి చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది. దానికి సొసైటీ సభ్యత్వమో లైసెన్సో ఉండాలి, మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు ఉండాలి. ఈయన ఎక్కిన చెట్లు తండ్రి పేరు మీద ఉన్నాయి. తండ్రి పోయాడు, పేరు మారలేదు. సదరం సర్టిఫికెట్టు ఉంది, నెలకు 4,016 రూపాయల పింఛను వస్తోంది. అంటే పింఛనిచ్చే సర్కారుకు ఈయన వికలాంగుడే. పరిహారమిచ్చే సర్కారుకు మాత్రం గీత కార్మికుడే కాడు. ఆ అరచేతులు ఒక్కసారి తిప్పి చూసిన అధికారి ఎవరూ ఆ మాట అనలేడు. కానీ చేతులు దస్త్రంలో పట్టవు కదా.

ఆసుపత్రిలో పక్క మంచం మీద బైకు గుద్దినవాడు ఉండేవాడట. వాడి దగ్గరికి ఇద్దరు వకీళ్లు వచ్చి విజిటింగ్ కార్డులిచ్చి పోయారు. ఈయన దగ్గరికి ఎవరూ రాలేదు. వింతేం లేదు. రోడ్డు ప్రమాదానికి బీమా కంపెనీ ఉంటుంది, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంటుంది, గెలిస్తే వచ్చే సొమ్ములో వకీలు వాటా ఉంటుంది. కట్టడం మీంచి పడ్డ కూలీకి యజమాని ఉంటాడు, అతని మీద బాధ్యత పెట్టే చట్టం 1923 నాటి నుంచీ ఉంది. గీత కార్మికుడికి యజమాని ఎవరు? ప్రతివాదిగా ఎవరి పేరు రాయాలి, తాడిచెట్టుదా?

అందుకే ఈ మనిషికి కావలసింది కోర్టులో వాదించేవాడు కాదు, ఆఫీసులో కాగితం పట్టించుకునేవాడు. పేరెందుకు మారలేదో సమాచార హక్కు కింద అడగాలి, 30 రోజుల్లో జవాబు రావాలి. తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకోవాలి. అప్పటికీ కాకుంటే హైకోర్టులో రిట్ వేయాలి. వకీలుకు ఆయన పైసా ఖర్చు పెట్టనక్కరలేదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వికలాంగుడికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి. ఆ వకీలునిచ్చే న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లా కేంద్రంలో, కోర్టు ఆవరణలోనే ఉంటుంది.

పంచాయతీ గోడ మీద న్యాయ సహాయానికి ఫోను చేసే 15100 నంబరు రాసి ఉంది, సున్నపు పొర కింద సగం మాసిపోయి. ఏటా నవంబరు 9న న్యాయ సేవల దినం పేరుతో బడిపిల్లల చేత జెండాలు పట్టించి ఊరేగింపు తీస్తారు. ఆ పిల్లలు ఈ వేపచెట్టు ముందు నుంచే పోతారని భార్య చెప్పింది. వెంట వచ్చిన పెద్దల్లో ఒక్కరూ ఈ మంచం దగ్గర ఆగలేదు. నాకు ఒళ్లు మండింది. ఊరూరికీ పారా లీగల్ వాలంటీర్లని పేరు పెట్టింది ఇలాంటి గుమ్మాలు తొక్కడానికే కదా.

బయల్దేరే ముందు అధ్యక్షుణ్ని అడిగాను, ఊళ్లో చెట్లెక్కేవాళ్లలో ఎంతమందికి తమ పేరు మీద కాగితం ఉందని. కత్తి కోసం వచ్చి నిలబడ్డ కుర్రవాడు అతని కంటే ముందే అందుకున్నాడు.

"నాది మా పెదనాయిన పేరు మీదుంది. మార్పియ్యవే, అన్నా."

"ఎండకాలం పోనీరా, సూద్దాం" అన్నాడు అధ్యక్షుడు.

ఎండాకాలమంతా వాడు చెట్ల మీదే ఉంటాడు.