వారానికి వంద సలాములు

ఆగమను వదినా, నీ బిడ్డను జర ఆగమను. రాత్రంత కూసొని కనబడ్డ ప్రతి హెచ్‌ఆర్ మేడంకు, ప్రతి మేనేజర్‌కు రిక్వెస్ట్ కొడితే తెల్లారేసరికి కొలువొచ్చి గడపల నిలబడదు. లింక్డిన్‌ల అట్ల నడువది. దానికో లెక్కుంది. వారానికి ఇంతమందికే సలాం కొట్టాలె. దాటినవనుకో, మళ్ల వారం తిరిగేదాంక కొత్త మనిషిని పలకరించనియ్యరు.

ఎంతమందికా? అదే కదా తిరకాసు. ఆ అంకె వాళ్లు గట్టిగ చెప్పరు. వాడేటోళ్లు మాత్రం 2021 నుంచి వారానికి వంద దగ్గర ఆపుతున్నరని అంటరు. కొత్త ఖాతాకు ఇంకా తక్కువనట. పంపినయన్ని జవాబు లేక అట్లనే పడి ఉన్నా, అవుతలోళ్లు ‘ఈ మనిషి నాకు తెల్వదు’ అన్నా, ఇంకా ముందే కళ్లెం పడ్తది. పంపినదాన్ని తొందరపడి వాపస్ తీసుకున్నవా, అదే మనిషికి మళ్ల పంపాలంటే మూడు వారాలు ఆగాలె. పోనీ రిక్వెస్టు తోటి రెండు ముక్కల నోటు రాద్దామంటే పైసలు కట్టని ఖాతాకు 200 అక్షరాలే, అది కూడ నెలకు కొద్దిమందికే. ‘నమస్తే మేడం, నేను బహదూర్‌పురా నుంచి, ఫలానా కాలేజీల బీటెక్ చేసిన’ అనేసరికే మూడో వంతు ఒడుస్తది. ప్రీమియం కొంటే ఆ నోట్లకు అడ్డు తీసేస్తరు. పైసలున్నోనికి మాట ఎక్కువ, లేనోనికి తక్కువ, ఏడబోయినా ఇదే లొల్లి.

ఊకెనే పెట్టిండ్రా అంటే, లేదు. న్యాయం చెప్పుకోవాలె. దినాం వందలమందికి రిక్వెస్టులు పంపే సాఫ్ట్‌వేర్లు ఉన్నయి. మనిషి నిద్రపోతుంటే అది కొట్టుకుంటనే పోతది. నువ్వు ఒప్పుకున్నవో లేదో, వెంటనే ఇన్సూరెన్సు అనో, కోర్సు అనో, ప్లాట్లు అనో మెసేజ్ దిగుతది. మాదాపూర్‌ల కొలువులిచ్చే ఆమె ఫోన్ తెరిస్తే రోజూ అదే చెత్త. ఆమె బాధ కూడ బాధనే. అందుకే కొందరు, మెయిల్ అడ్రసు తెలిసినోళ్లే నాకు రిక్వెస్ట్ పంపాలె అని తాళం వేసి పెట్టుకుంటరు.

గనీ నవ్వొచ్చే ముచ్చట ఇంకోటుంది. ఇయ్యాల మనకు హద్దులు చెప్పే ఈ కంపెనీయే ఎన్కట మన అడ్రసు పుస్తకాలు తీసుకొని, ఖాతాదారుల పేరు మీద వాళ్ల చుట్టాలకు, దోస్తులకు ‘మీరింకా జవాబియ్యలే’ అని మళ్ల మళ్ల మెయిళ్లు పంపింది. మొదటిసారి పంపమన్నం గని, ఇన్నిసార్లు ఎవరు పంపమన్నరు అని జనం అమెరికాల కేసేసిండ్రు. 2015ల కోటి 30 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పట్ల మందిని పెంచుకునే ఆకలి. ఇప్పుడు కడుపు నిండింది, ఇగ మర్యాద గుర్తుకొచ్చింది.

అప్పట్ల ఇంకో తిరకాసు కూడ ఉండె. రిక్వెస్ట్ అందుకున్నోళ్లు కొంతమంది ‘నాకు తెల్వదు’ అని నొక్కితే చాలు, పంపినోళ్లు ఆపైన ఎవరిని పిలవాలన్నా ఆ మనిషి మెయిల్ అడ్రసు చెప్పుకోవాలె. కొత్తోళ్లను పరిచయం చేసుకునేతందుకే కదా వదినా అక్కడికి పోయేది? ముందే తెలిసుంటే ఇంటికే పోయి చాయ్ తాగి వస్తుంటిమి కదా.

ఇగ నాకు మండేది ఎక్కడంటే విను. లింక్డిన్‌ను 2016ల మైక్రోసాఫ్ట్ కొన్నది, 2,620 కోట్ల డాలర్లు పెట్టి. కొన్నప్పుడు అక్కడ పెద్ద మన హైదరాబాదీ సత్య నాదెళ్ల. ఆయన చదివింది బేగంపేటల, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌ల. అది మొదట జాగీర్దార్ల పిల్లల కోసం 1923ల పెట్టిన బడి. జాగీర్లు పోయినంక 1951ల అందరికీ తెరిచిండ్రు. అడోబీ శంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్‌ను నడిపి ప్రపంచ బ్యాంకుకు పోయిన అజయ్ బంగా, వాళ్లు కూడ ఆ బడి పిల్లలే. వాళ్ల తెలివిని నేను తక్కువ చేస్తలేను, కష్టపడకుండ ఆ కుర్చీలు రావు. గనీ అసొంటి బడిల కూసున్న పిల్లగానికి పక్క బెంచీలనే సగం లింక్డిన్ ఉంటది. వానికి వారానికి వంద అంటే ఏం లెక్క? వంద కాదు, పది పెట్టినా వానికి ఫరక్ పడది.

నీ బిడ్డకు ఎవరున్నరు చెప్పు. అన్న జూ పార్క్ గేటుకాడ ఆటో నడుపుతడు. మీ తమ్మునిది పురానాపూల్‌ల వెల్డింగ్ దుకాణం. నేనున్న అంటవా, నేను ఎన్నడో సర్కారు ఆఫీసుల ఫైళ్లు మోసినదాన్ని, నా మాట మాదాపూర్‌ల ఎవడింటడు? రోడ్లయితే పడ్డయి. 2022 ఏప్రిల్‌ల మన బహదూర్‌పురా ఫ్లైఓవర్ తెరిచిండ్రు, 2025 జనవరిల ఆరాంఘర్ నుంచి జూ పార్క్ దాక నాలుగు కిలోమీటర్లది తెరిచిండ్రు. మెట్రో ఎంజీబీఎస్ దాకొచ్చి మన వైపు మొగం తిప్పలే గని, బస్సుల పడి పోయేటోళ్లు పోతనే ఉన్నరు. మనిషి పోతడు వదినా. గేటు లోపల ‘ఈ పిల్ల నాకు ఎరుకే’ అని చెప్పేటోడు దొరకడు. రెఫరల్ అంటరే, గదే. అది లేనోళ్లకు తెల్వనోళ్లను అడుక్కునుడు ఒక్కటే తొవ్వ. ఆ తొవ్వకే వీళ్లు గేటు పెట్టిండ్రు.

తెల్వనోళ్లు కొలువిప్పిస్తరా అని నవ్వకు. ఇది నా మాట కాదు. గ్రానోవెటర్ అని అమెరికాల ఒకాయన 1973లనే రాసిండు, కొలువు ముచ్చట మనకు దగ్గరోళ్లకంటె దూరపు పరిచయస్తుల నుంచే ఎక్కువ వస్తదని. ఎందుకంటే మనోళ్లకు తెలిసింది మనకూ తెలుసు. వాళ్లు తిరిగేదీ మన గల్లీలనే. దూరమోడు ఇంకో దునియల నుంచి కబురు తెస్తడు. దాన్ని నిజంగ పరీక్ష చేసింది మళ్ల ఈ లింక్డిన్ మీదనే! ‘మీకు తెలిసినోళ్లు కావచ్చు’ అని చూపిస్తది కదా, ఆ చూపించే తీరును ఐదేండ్లు 2 కోట్లమందికి అటుఇటు మార్చి, ఎవరికెట్ల కొలువులొస్తున్నయో లెక్కగట్టిండ్రు. ఆ కాలంల 6 లక్షల కొత్త కొలువులు. 2022ల సైన్స్ పత్రికల అచ్చయింది. తేలిందేంది? మరీ దగ్గరోళ్లు కాదు, మరీ ఎవరో కూడ కాదు, కొద్దిగ ఎరుకున్నోళ్లే కొలువు మార్చుకునేతందుకు ఎక్కువ పనికొచ్చిండ్రు.

అంటే కొత్త మొఖాల విలువ ఆ కంపెనీకి బాగ తెలుసు. తెలిసి కూడ, నిద్రపోని సాఫ్ట్‌వేర్‌కు, ఇంట్ల మొదటిసారి డిగ్రీ పాసైన పిల్లకు ఒకటే తక్కెడ పెట్టింది. ఎంతమందికి పంపినవు అని కాదు, ఎందుకు పంపినవు, పంపేటప్పుడు ఏం రాసినవు అని చూడాలె అంట నేను. అంతంత తెలివైన యంత్రాలు కడుతున్నరట కదా, ఒక్క సలాం నిజమా కాదా పసిగట్టలేవా?

సరే, వాళ్లు వినేటట్టు లేరు, నా గొంతు ఈ గోడ దాటది. పిల్లకు ఇట్ల చెప్పు. పెద్ద పెద్ద సాహెబుల కాడికి రిక్వెస్టులు ఖర్చు పెట్టొద్దు. వాళ్లను ఊకె ఫాలో కొట్టమను, అది ఈ లెక్కల పడది. వాళ్లు రాసినదాని కింద తెలివైన మాట ఒకటి పెట్టమను, పేరు కండ్లబడ్తది. వాళ్ల కాలేజీ పేజీల అలుమ్నై అని ఉంటది. దాంట్ల తనకంటె రెండు మూడేండ్లు ముందు పాసైనోళ్లు ఎవరు ఎక్కడ చేస్తున్నరో కనిపిస్తది. రిక్వెస్టులు వాళ్లకు పోవాలె, నోట్లు కూడ వాళ్లకే దాచుకోవాలె. నోటుల ‘జాబ్ ఇప్పియ్యి మేడం’ అని కాదు, ‘మీ టీంల ఏం పని నేర్చుకొని రావాలె’ అని అడగమను. ఎప్పటియో పాత రిక్వెస్టులు జవాబు లేక పడి ఉంటే మెల్లమెల్లగ తీసేయమను. అన్నట్టు ఆ ఫోటో మార్చమను వదినా, చిన్నమ్మ పెండ్లిల తీసింది, పక్కన సగం కోసిన చెయ్యి ఎవరిదో కనబడ్తున్నది.

ఇంకోటి. ఎదురింటి ఆపా కొడుకు ఏసీ మెకానిక్కే గని, వాని దోస్తు ఒకడు గచ్చిబౌలిల టెస్టింగ్ చేస్తడట. నువ్వెరుగవు, నేనెరుగ, గని నడుమ ఆపా కొడుకు ఉన్నడు. అదే మంచిది, సైన్స్ పత్రిక చెప్పింది గసొంటోళ్ల గురించే. ఆపా సాయంత్రం మిర్చి ఎండబోసినయి తీసేతందుకు మేడ మీదికి వస్తది. పిలిచి ఆ పిల్లగాని పేరు, కంపెనీ అడిగి పెట్టు.