ఆ "టక్" వినిపించాలి

యాషికా ఎలక్ట్రో 35 కెమెరాలో ఫిల్మ్ తిప్పే లివర్‌ని బొటనవేలితో లాగుతుంటే లోపల "టక్" మని ఒక శబ్దం రావాలి. మా పెద్ద మావయ్య కెమెరాలో రాలేదు. లివర్ మెత్తగా తిరుగుతోంది, బటన్ నొక్కితే షట్టర్ కూడా పడుతోంది. ఆ శబ్దం ఒక్కటే లేదు.

మేం రాసే కోడ్‌లో తప్పుంటే కంప్యూటరే ఎన్నో లైన్లో ఉందో చెప్పేస్తుంది. దీనికి ఆ మర్యాద లేదు. చెవి దగ్గర పెట్టుకుని వినడమే.

మావయ్య కువైట్ నుంచి తెచ్చుకున్న కెమెరా ఇది. 1973లో వచ్చిన జీఎస్ఎన్ మోడల్. ఆయన 1998లో పోయారు. నేను పుట్టకముందే అన్నమాట. అప్పట్నుంచీ అమ్మమ్మ దీన్ని బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల మధ్య దాచింది. ఇప్పుడు ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో పెద్ద ఖరీదు కూడా ఉండవు. కానీ దీని కౌంటర్ 19 మీద ఆగి ఉంది.

రివైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి చూశాను. కొంచెం వదులుగా తిరిగి, బిగుసుకుంది. ఖాళీ కెమెరా అయితే అది ఊరికే తిరుగుతూనే ఉంటుంది. అంటే లోపల ఫిల్మ్ ఉంది. పంతొమ్మిది ఫొటోలు, ఇరవై ఏళ్లకు పైగా కడగకుండా ఉన్నవి. (డెవలప్ చేయించడాన్ని తెలుగులో ఏమంటారో నాకు తెలీదు. "రీలు కడిగించడం రా" అని అమ్మమ్మే చెప్పింది.)

వీడియోల్లో చూస్తే ప్రతివాడూ ముందు వెనక తలుపు తీసేస్తాడు. అది ఇక్కడ కుదరదు. తలుపు తీస్తే వెలుతురు పడి మావయ్య తీసినవన్నీ పోతాయి. మరి "టక్" ఎందుకు రావట్లేదో తేల్చుకోవాలంటే లివర్ మళ్లీ మళ్లీ తిప్పాలి. అన్నేళ్లు ఒకేచోట వంగి ఉన్న ఫిల్మ్ పెళుసుగా ఉంటుంది, పళ్ల దగ్గర చిరిగిపోవచ్చు. అందుకని రిపేరు పక్కన పెట్టి ముందు రీలు బయటికి తీయాలనుకున్నాను.

రాత్రి పదకొండింటికి స్టోర్ రూమ్‌లో లైటు ఆపేసి, తలుపు సందులో దుప్పటి కుక్కి కూర్చున్నాను. కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి రివైండ్ పిడి తిప్పడం మొదలుపెట్టాను. అంత చీకట్లో వేళ్లే దిక్కు. కాస్త బరువుగా అనిపిస్తే ఆగడం, మళ్లీ తిప్పడం. బయట అమ్మమ్మ "అయిందా నాన్నా?" అని పావుగంటలో నాలుగుసార్లు అడిగింది. చివరికి చేతికి బరువు తగ్గి పిడి స్వేచ్ఛగా తిరిగింది. ఫిల్మ్ డబ్బీలోకి వెళ్లిపోయింది.

మిగతా పనులు పగలే చేశాను. తలుపు గాడిలో వెలుతురు రాకుండా పెట్టే స్పాంజి కరిగి తారులా అయిపోయింది. ఈ వయసు కెమెరాలన్నింటికీ ఉండే రోగమే ఇది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన అగరుబత్తి పుల్లతో ఒక ఆదివారం మొత్తం గీకాను. దాని బదులు గాడిలో నల్ల ఊలు దారం కూర్చాను, అమ్మమ్మ తోరణాలు అల్లగా మిగిలినది. నవ్వకండి, చాలామంది చేసేది ఇదే, బాగా పనిచేస్తుంది.

దీనికి మొదట్లో వాడిన 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు దొరకదు. 6 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టి, మిగిలిన ఖాళీలో స్ప్రింగ్ ఇరికించాను. వెనకున్న బటన్ నొక్కితే పచ్చ దీపం వెలిగింది. బ్యాటరీ లేకపోయినా ఈ షట్టర్ పడుతుంది, కానీ ఎప్పుడూ సెకనులో 500వ వంతు వేగంతోనే. అందుకే "క్లిక్ మంటోంది, బాగానే ఉంది" అని అమ్మేవాళ్ల మాట నమ్మకూడదు.

ఇక ఆ శబ్దం. లోపలి మీటలకి దెబ్బ తగలకుండా ఆపే చిన్న రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పొడైపోతుంది. అప్పుడు మీట ఆగాల్సిన చోట ఆగదు, ఎక్స్‌పోజర్ లెక్క తప్పుతుంది. ఈ కెమెరా అభిమానులు దాన్ని "ప్యాడ్ ఆఫ్ డెత్" అంటారు. అర సెంటీమీటరు లేని రబ్బరుకి అంత పేరెందుకో! నూనె స్ప్రే కొట్టమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. షట్టర్ రేకులకి నూనె తగిలితే అవి అతుక్కుంటాయి, ఉన్న జబ్బుకి ఇంకోటి తోడవుతుంది.

అంత లోపలికి వెళ్లే ధైర్యం నాకు లేదు. మా సందు చివర వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఈ మోడల్ ఆయన ఎప్పుడూ విప్పలేదట. నేను ఫోన్లో బొమ్మలు చూపిస్తుంటే విని, "బాబూ, ముందు ఒక తెల్లకాగితం మీద కెమెరా బొమ్మ గియ్యి" అన్నారు. తీసిన ప్రతి స్క్రూనీ ఆ బొమ్మలో దాని చోటనే పెట్టారు. రబ్బరు బదులు సైకిల్ ట్యూబ్ ముక్క కత్తిరించి అంటించారు. బిగించాక లివర్ లాగితే, టక్. ఇద్దరం ఓ పదిసార్లు లాగి ఉంటాం. డబ్బులు తీసుకోమంటే, కాఫీ తెప్పించమన్నారు.

రీలుని హైదరాబాద్‌లో ఇంకా ఫిల్మ్ కడిగే ఒకాయనకి పంపాను. రంగులు ఎలాగూ పోయుంటాయి, బ్లాక్ అండ్ వైట్ మందుల్లో కడుగుదామన్నాడు. పంతొమ్మిదిలో ఐదు మాత్రం కనబడుతున్నాయి, మిగతావన్నీ పొగమంచు. ఐదింట్లో రెండు మా పాత పెంకుటిల్లు, ఒకటి గోదారి రేవు, ఒకటి ఎవరిదో పెళ్లి పందిరి. ఐదోదాంట్లో అమ్మమ్మ చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ తలెత్తి చూస్తోంది.

అమ్మమ్మ ఆ ఫొటోని కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూసింది. "ఒద్దురా, ఈ అవతారంతో తియ్యకు అంటూనే ఉన్నాను. విన్నాడు కాదు" అంది. కాసేపాగి, ఆ చేట ఇంకా అటక మీదే ఉందని చెప్పింది.

కొత్త రీలు వేశాను. కౌంటర్ 7 మీద ఉంది. మిగతా ఫొటోలు సంక్రాంతికి ఊరెళ్లేదాకా తీయను. ఈలోపు చేట కిందికి దింపించి ఉంచమని ఫోన్లో చెప్పాను.