ముగ్గురికి ఒకే కంప్యూటర్



ఇంజనీరింగ్ చదువుచున్న మన సంఘ యౌవనస్థులు ఐసీపీసీ అను ప్రోగ్రామింగ్ పోటీని గూర్చి వివరించగా మేము శ్రద్ధతో వింటిమి. జట్టుకు ముగ్గురు. ముగ్గురికి ఒకే కంప్యూటర్. గడువు 5 గంటలు. ఒకడు టైపు చేయుచుండగా తక్కిన ఇద్దరు కాగితముపై తరువాతి లెక్కకు దారి వెదకుదురు. ఎక్కువ లెక్కలు సాధించిన జట్టుదే గెలుపు. అవి సమానమైతే తక్కువ కాలము పట్టినవారు ముందుందురు. సాధించిన లెక్కకు అంతకుముందు పంపిన ప్రతి తప్పు జవాబుకు 20 నిమిషములు కలుపుదురు. తప్పు ఒకనిదైనను భారము ముగ్గురిది.

మన పల్లెలలో ఒక్క బోరు నీటికి వంతులు కుదరక అన్నదమ్ములే మాటలు మానుకొనుచున్నారు. పొలము ఎండినను పంతము ఎండదు! ప్రసంగి 4వ అధ్యాయములోని ముప్పేట త్రాటిని ధ్యానించుదము. తమ్ముని వంతు రాగానే లేచి చోటిచ్చుటయు ప్రేమయే. ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.