ఆ ఫొటో పెట్టింది నేనే

మాది నిజామాబాద్ జిల్లా. దుబాయిలో ఇళ్లు అద్దెకిప్పించే, అమ్మిపెట్టే ఒక ఆఫీసులో క్లర్కుగా చేస్తున్నాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. టైపింగు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి ఈ కుర్చీ దొరికింది. ఇళ్ల ఫొటోలు, వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టడం నా పని. ఈ పనిలో నేను చేసిన ఒక తప్పు చాలా రోజులుగా మనసులో ఉంది. అది చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

ఇంతకుముందు నేను చేసిన ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. అద్దెకు పోయిన ఇంటి ప్రకటన కూడా తీసేవాళ్లు కాదు. పైగా మంచి ఫొటోలు, తక్కువ అద్దె వేసి అలాగే ఉంచమనేవాళ్లు. "ముందు ఫోన్ రానీ, మనిషి వచ్చాక ఇంకోటి చూపిద్దాం" అనేవాడు మేనేజరు. నెలాఖరున జీతం కావాలి కదా, నేనూ పెట్టేవాణ్ని.

ఒక సెలవు రోజున సోనాపూర్ క్యాంపు నుంచి మన తెలుగాయన ఒకరు వచ్చారు. కంపెనీలో డ్రైవరు. భార్యను, పాపను తెచ్చుకోవాలని చిన్న ఇల్లు వెతుకుతున్నాడు. రెండు బస్సులు మారి ఎండలో వచ్చాడు. ఫోన్‌లో ఫొటో చూపించి "అన్నా, గీ ఇల్లేనా?" అని అడిగాడు. "పొద్దున్నే పోయింది తమ్మీ" అన్నాను. నిజానికి అది పోయి నెల దాటింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "అయ్యో, పొద్దుగాలనే వస్తే దొరుకుతుండె. నాదే తప్పు" అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

దుబాయిలో దీనికి నియమం లేక కాదు. ఏజెంటుకు ల్యాండ్ డిపార్ట్‌మెంటు కింద ఉండే రేరా కార్డు, బ్రోకరు నంబరు ఉండాలి. ఇంటి ప్రకటనకు పర్మిట్ నంబరు ఉండాలి. 'దుబాయ్ రెస్ట్' అనే యాప్‌లో ఏజెంటు అసలువాడా కాదా అని ఎవరైనా చూసుకోవచ్చు. కానీ ఇల్లు పోయిన రోజునే ఫొటో తీసేయాల్సింది మాత్రం కుర్చీలో కూర్చున్న నాలాంటివాడే.

తర్వాత ఆ దెబ్బ మా ఇంటికే వచ్చింది. మా మేనమామ కొడుకు అల్ కూజ్‌లో క్యాంపులో ఉంటాడు. ఒక రాత్రి వాట్సాప్‌లో వీడియో పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "బావా, హైదరాబాద్ దగ్గర ప్లాట్లు. పదిహేను లక్షలు. శుక్రవారం లోపల ఐదు లక్షలు కడితేనే ఈ రేటట." నాలుగేళ్ల ఓవర్‌టైమ్ పైసలవి.

వీడియో చూస్తుంటే నా పని నాకే కనిపించింది. పెద్ద కమాను, జెండాలు, ఒకవైపు నుంచే తీసిన రోడ్డు. "రింగు రోడ్డుకు పదిహేను నిమిషాలు" అని రాశారు. ఎక్కడి నుంచి లెక్కో చెప్పలేదు. రేరా నంబరు లేదు. ఏజెంటుకు ఫోన్ చేసి అడిగితే "అప్లై చేసినం సార్, వస్తది" అన్నాడు. సర్వే నంబరు అడిగితే మూడు రోజులైనా పంపలేదు. మా వాడి తమ్ముడు బండి మీద వెళ్లి చూసొచ్చాడు. ఆ కమాను పక్క వెంచరుది. వీళ్లు చూపించిన చోట ఇంకా పత్తి చేనే ఉంది. పైసలు ఆగాయి.

మన దేశంలో 2016లో రేరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరును రిజిస్టరు చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. ప్రకటనలో ఆ నంబరు కనిపించాలి. అమ్మిపెట్టే ఏజెంటుకు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు ధరలో పదో వంతు కంటే ఎక్కువ అడగకూడదు. అంటే పదిహేను లక్షల ప్లాటుకు లక్షన్నర. మావాణ్ని అడిగింది ఐదు లక్షలు! అబద్ధపు ప్రకటన నమ్మి కట్టినవాడు తప్పుకుంటే వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది. అయితే అది రాబట్టుకోవడానికి తిరగాల్సింది మనమే. రెండేళ్లకోసారి సెలవు దొరికేవాడు ఎన్నిసార్లు తిరుగుతాడు?

అందుకే సోదరులారా, కట్టకముందే అడగండి. ఏజెంటు నంబరు, వెంచరు నంబరు తీసుకుని తెలంగాణ అయితే తెలంగాణ రేరా, ఆంధ్ర అయితే ఏపీ రేరా వెబ్‌సైటులో చూడండి. చూడడం రాకపోతే రూమ్‌లో చదువుకున్న తమ్ముడికి చూపించండి. నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు. సర్వే నంబరుతో ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించండి. ఇంటివాళ్లలో ఒకరు నేల మీద నిలబడి చూడాలి. తొందర పెట్టేవాడికి దూరంగా ఉండండి.

ఇప్పుడున్న ఆఫీసులో నేను స్వయంగా వెళ్లి తీసిన ఫొటోలే పెడుతున్నాను. ఇల్లు పోతే ఆ సాయంత్రమే తీసేస్తున్నాను. లోపం ఉంటే రాస్తున్నాను. మొన్న ఒక ఇంటికి "బాల్కనీ ఎదురుగా గోడ ఉంది" అని రాస్తే మా సార్ విసుక్కున్నాడు. ఫోన్లు తక్కువే వచ్చాయి. చూడడానికి వచ్చిన రెండో మనిషి మాత్రం గోడ సంగతి తెలిసే వచ్చాడు, ఇల్లు తీసుకున్నాడు.

ఆ డ్రైవరు తమ్ముడు ఈ పేపరు చదువుతాడేమో తెలియదు. చదివితే ఒక్క మాట. తమ్మీ, ఆ రోజు తప్పు నీది కాదు, నాది.