గోకవరం పాకలో మిలిటరీ లారీ

రాజమండ్రిలో మారేడుమిల్లి బస్సెక్కితే ఈ మధ్య ఒక తమాషా జరుగుతోంది. ఊరు దాటగానే కుర్రకారు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి "పుష్ప లారీలు తిరిగింది ఇక్కడేనాండీ?" అని కండక్టర్ని వేధించడం మొదలెడతారు. 2021లో వచ్చిన 'పుష్ప' కొంత భాగం మారేడుమిల్లి అడవుల్లో తీసిన మాట నిజమే. (ఎర్రచందనం మాత్రం అక్కడ పెరగదు సుమండీ! అది శేషాచలం సొత్తు. సినిమా వాళ్లు అడవిని ఒకచోటి నుంచీ, చెట్టుని ఇంకోచోటి నుంచీ తెచ్చుకుంటారు.) "ఇంకా చాలా ముందుకెళ్లాలి బాబూ" అంటాడు కండక్టరు ఓపిగ్గా.

నేను మాత్రం గోకవరంలోనే దిగిపోయాను. ఎందుకంటే, ఆ అడవుల్లో నిజంగా దుంగలు మోసిన లారీ ఒకటి అక్కడ మా మావయ్య ఇంటి వెనక పాకలో ఉంది. దాని వయసు ఎనభై దాటింది. మావయ్యది ఇంకో నాలుగేళ్లు తక్కువ.

ఒకప్పుడది గేదెల పాక. ఇప్పుడు గేదెలు లేవు. గడ్డి వేసే గాడిలో నట్లూ బోల్టులూ, కుడితి తొట్టిలో కిరసనాయిలు, గుంజకి వేలాడుతూ చైన్ బ్లాకు. మధ్యలో బండి. దాని మొహం చూస్తే మొదట నవ్వొస్తుంది. బొమ్మిడాయి చేపలా ముందుకు పొడుచుకొచ్చే ముక్కు లేదు. మొండి ముక్కు! ముందు అద్దాలు మామూలు లారీల్లా వెనక్కి వాలి ఉండవు, పైభాగం ముందుకొచ్చి కిందికి చూస్తుంటాయి. ఎండ తగిలి అద్దం తళుక్కుమంటే ఆకాశంలోంచి శత్రు విమానం కనిపెట్టేస్తుందని అలా పెట్టారట.

ఇది కెనడాలో పుట్టిన షెవర్లే. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు రెండూ కలిసి ఒకే నమూనాలో నాలుగు లక్షలకు పైగా మిలిటరీ బళ్లు చేశాయి. విడిభాగాలు పెట్టెల్లో ఓడలెక్కి వచ్చేవి. బొంబాయి శివ్డీలో 1928 నుంచే జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉంది. అలాంటి చోట్ల బిగించి సైన్యానికిచ్చేవారు. మావయ్య బండి 1943ది. అంతకు ముందేడు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. గోకవరానికి కాకినాడ ఎంత దూరం కనుక! యుద్ధమంటే ఎక్కడో బర్మాలో అనుకున్న మా వాళ్లకి అప్పుడు తెలిసొచ్చిందని తాతయ్య చెప్పేవాడు.

యుద్ధం అయిపోయాక ఇలాంటి బళ్లని వేలం వేశారు. 'డిస్పోజల్ లారీ' అనేవారు వాటిని. తాతయ్య 1947లో ఒకటి పాడుకున్నాడు. నాలుగు చక్రాలూ తిరిగే బండి కావడంతో వర్షాకాలం ఏజెన్సీ బురదలో కూడా దిగబడేది కాదు. రంపచోడవరం అవతల నుంచి రాజమండ్రి కర్రల అడితీలకి దుంగలు తోలింది. మా అమ్మ పుట్టినప్పుడు తాతయ్య నల్లమద్ది పలక మీద ఆవిడ పేరు రాయించి క్యాబిన్ నెత్తిన బిగించాడు. అప్పట్నుంచీ ఆ రోడ్డు పొడుగునా లారీకి అమ్మ పేరే పేరు. "ఫలానా లారీ వచ్చిందా?" అని ఎవరైనా అడిగితే అమ్మకి ఉక్రోషం వచ్చేదట!

1964లో పెట్రోలు ఖర్చు తట్టుకోలేక షెవర్లే ఇంజను దింపేసి, మద్రాసు సింప్సన్ వాళ్ల పెర్కిన్స్ డీజిలు ఇంజను పెట్టించాడు తాతయ్య. దింపిన ఇంజను ఊరికే పోలేదు. పదేళ్లు పొలంలో నీళ్లు తోడింది. 1983లో లారీ ఆగిపోయాక రెండూ ఒకే పాకలో, ఒకటి చక్రాల మీదా ఒకటి ఇటుకల మీదా, నలభై ఏళ్లు పక్కపక్కనే పడి ఉన్నాయి.

ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మావయ్యకి హఠాత్తుగా బుద్ధి పుట్టింది... బండిని మిలిటరీ నాటి రూపానికి తేవాలని. సినిమాకెళ్తే హీరోని చూసే మనిషి కాడాయన. వెనకాల వెళ్లే లారీని చూస్తాడు. "ఒరేయ్, ఇది 1920 కథన్నాడు, ఆ ఏక్సిలు చూడు!" అని హాల్లో గట్టిగా అంటాడు. పక్కవాళ్లు ఉష్ అంటారు.

నేను వెళ్లిన రోజు చక్రం విప్పే పని. సాయం చేద్దామని స్పానరు పట్టుకుని రిమ్ము మీది నట్టుకి పెట్టానో లేదో, మావయ్య కేక! అంత కేక ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

"ఎర్రవి ముట్టుకోకు!"

ఆ చక్రం రెండు పళ్లేల్లాంటి ముక్కలు. బండికి బిగించే నట్లు వేరు, ఆ రెండు ముక్కల్నీ కలిపే నట్లు వేరు. టైరులో గాలి ఉండగా ఈ రెండో రకం విప్పారో, ముక్క తుపాకి గుండులా ఎగిరొస్తుంది. అందుకే మిలిటరీ వాళ్లు వాటికి ఎర్రరంగు వేసేవారు. తాతయ్య కాలంలో అందంగా ఉంటుందని చక్రాలన్నిటికీ నీలం రంగు కొట్టించారు. ఎరుపు నీలం కింద దాక్కుంది. ఆ రంగు తెలీక ఒక క్లీనరు కుర్రాడు విప్పబోయి ముంజేయి రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాడు. మావయ్య అప్పుడు పదిహేనేళ్లవాడు, పక్కనే ఉన్నాడు. మొన్న గీకుడు పని మొదలెట్టినప్పుడు, మొదటిరోజే ఆ నట్ల మీద నీలం గీకి చూశాడట. కింద ఎరుపు కనబడేసరికి చాలాసేపు స్టూలు మీద కూర్చుండిపోయానని చెప్పాడు.

ఇంజను సంగతి ఇంకో కథ. ఆరు సిలిండర్లు, ఎనభై అయిదు హార్స్ పవరు. ఈ కాలం ఇంజన్లలో లాగా కనెక్టింగ్ రాడ్డుకి బేరింగ్ షెల్సు ఉండవు. బాబిట్ లోహం కరిగించి రాడ్డులోనే పోస్తారు. కింద ప్రతి రాడ్డుకీ చిన్న గరిటె లాంటిది ఉంటుంది. అది ఆయిల్లో మునిగి లేచినప్పుడల్లా ఆయిలు చిమ్ముతుంది, అంతే! బాబిట్ పోయగలిగేవాళ్లు ఇప్పుడెవరున్నారు? మావయ్య రాజమండ్రిలో వారంరోజులు తిరిగి, ఒక లేతు షాపులో మనవడికి పని అప్పగించి కూర్చున్న ముసలాయన్ని పట్టుకున్నాడు. ఆయన కరిగిన లోహంలో చీపురుపుల్ల ముంచి చూశాడట. పుల్ల మండకూడదు, ఊరికే కమలకుండా ఉండకూడదు, గోధుమరంగుకి మాడాలి. అప్పుడు పోయాలి. పోశాక లేతు మీద తిప్పి, ఆపైన నీలం పూసి, ఎక్కడ ఎత్తుందో చూసి చేత్తో గీకాలి. ఆరు రాడ్లకి పదకొండు రోజులు పట్టింది. "డబ్బు తీసుకోనన్నాడ్రా. మళ్లీ ఈ పని చేస్తాననుకోలేదు, అదే చాలన్నాడు" అని మావయ్య చెప్పాడు. (బలవంతాన జేబులో పెట్టొచ్చాడనుకోండి.)

ఇంతలో సినిమా కూడా వచ్చింది. 2015లో 'కంచె' యుద్ధం తియ్యడానికి యూనిట్ జార్జియా దేశం దాకా వెళ్లిన సంగతి మీకు తెలుసుగా? మన దగ్గరే అలాంటి లారీ ఉందంటే ఎవరికి ఆశ పుట్టదు? హైదరాబాదు నుంచి ప్రొడక్షన్ మేనేజరొకాయన ఎలాగో ఆచూకీ తీసి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. ఫొటోలు తీశాడు. రేటు బాగానే చెప్పాడు. చివర్లో, "క్లైమాక్సులో పేల్చేద్దామండీ, అదిరిపోద్ది!" అన్నాడు. మావయ్య టీ ఇప్పించి పంపేశాడు.

అసలు చిక్కు అది కాదు. 2021 జులైలో కేంద్రం ఒక రూలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన, సొంతానికి వాడుకునే టూ వీలర్లకీ ఫోర్ వీలర్లకీ 'వింటేజి' రిజిస్ట్రేషను ఇస్తారు. ఇరవై వేలు ఫీజు, నెంబరులో 'వీఏ' అక్షరాలు. ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ వెళ్లొచ్చు, అద్దెకి తిప్పకూడదు. అంచేత సినిమాకివ్వడం కుదరదు. అయితే ముఖ్యమైన షరతు, బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి. చాసిస్సూ బాడీ ఇంజనూ మార్చి ఉండకూడదు.

ఇంజను సరే, పాతది ఎక్కించేశాడు. కానీ వెనక మిలిటరీ ఇనుప బాడీ 1947లోనే తీసేశారు. ఉన్నది తాతయ్య చేయించిన మద్ది చట్రం. ముందు అమ్మ పేరు పలక. అవి తీసేసి, బొమ్మ చూసి కొత్త రేకుతో బాడీ చేయిస్తే రూలుకి దగ్గరవుతుంది.

"కొత్తగా చేయించింది ఒరిజినలూ, డెబ్బై అయిదేళ్లుగా ఉన్నది డూప్లికేటూనా?" అన్నాను.

"నువ్వు పత్రికలో రాస్కో. ఆఫీసులో ఒప్పుకోరు" అన్నాడు మావయ్య. అప్పటికే పలక విప్పి దూలానికి కట్టేశాడు. నాకు నచ్చలేదు. ఆయనకీ నచ్చలేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయితే ఈ బండి ఒక్కసారైనా దర్జాగా రోడ్డెక్కాలనీ, నెంబరు లేకపోతే ట్రెయిలరు మీద శవంలా వెళ్లాల్సిందేననీ ఆయన బాధ.

స్టార్టు చేసే రోజు అమ్మని కూడా తీసుకెళ్లాను. ఆరు వోల్టుల బ్యాటరీకి ఓపిక లేదు, హ్యాండిల్ వెయ్యాల్సిందే. "బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచు, చుట్టూ తిప్పి పట్టుకుంటే విరుగుద్ది" అని మావయ్య నాకు మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి దగ్గు. రెండోసారి తుమ్ము. అయిదోసారి... పాక కప్పు మీంచి పావురాలన్నీ లేచిపోయాయి! కుట్టుమిషనులా సన్నగా టకటకలాడుతోంది. పనివాడు "ఆయ్! పలికిందండి!" అని గంతులేశాడు.

అమ్మ మాత్రం బండి ముందు నిలబడి పైకి చూస్తోంది. ఆకుపచ్చ రంగు, దాని మీద రెండు బోల్టు బెజ్జాలు.

"నా పేరేదన్నయ్యా?"

మావయ్య రూలు చెప్పబోయాడు. సగంలో ఆపేశాడు. ఇంజను అలాగే నడుస్తుండగా స్టూలు తెచ్చుకుని, దూలం మీంచి పలక దింపి, పమిట చెంగు కోసం చూసిన అమ్మకి ఇవ్వకుండా తన లుంగీతోనే దుమ్ము తుడిచి, బెజ్జాలకి ఆనించాడు. నేను బోల్టులు అందించాను. తర్వాత అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని గుమ్మం దాకా నడిపాడు. గుమ్మం అవతల మారేడుమిల్లి రోడ్డు. అక్కడ ఆగి, రివర్సులో మళ్లీ పాకలోకి తెచ్చేశాడు.

వీఏ నెంబరు దరఖాస్తు పూర్తిచేసే ఉంది, అల్మైరాలో. సంతకం మాత్రం పెట్టలేదు.