నెగిటివ్ కిలో ఎంత?

పుష్పమాల ఎన్. కళాజీవితం మీద వ్యాసం కావాలన్నారు సంపాదకులు. ఆమె బెంగళూరు కళాకారిణి. శిల్పం చదివి, తర్వాత కెమెరా ముందుకొచ్చారు. 2000-2004 మధ్య ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి ‘నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా’ అనే ఫొటోల వరుస చేశారు. రవివర్మ పటంలోని నాయిక, తెల్లదొరలు గళ్ల తెర ముందు నిలబెట్టి కొలతలు తీసిన ఆదివాసీ స్త్రీ, ఇలా ఎన్నో వేషాలు తానే కట్టారు. ఫొటోల వెనక తెరల సంగతి తెలియాలంటే స్టూడియోకే పోవాలి కదా! మిత్రుడి పెదనాన్న కార్వేటినగరంలో పాత ఫొటోగ్రాఫరంటే బస్సెక్కాను.

సారంగపాణి పదాలు పుట్టిన ఊరు. వేణుగోపాలస్వామి గుడి చూడాల్సిందే. నేను మాత్రం పెద్దాయన చేతుల దగ్గరే ఆగిపోయాను.

వాలుబల్ల మీద మసక గాజు, దాని కింద వెలుతురు పట్టే అద్దం. గాజు మీద నెగిటివ్ ఉంచి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్క తర్వాత చుక్క పెట్టి చూపించారు. ముఖం మీద గుంట నెగిటివ్‌లో తేటగా కనిపిస్తుంది. అక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో చర్మం నునుపుగా వస్తుంది. అంతసేపూ వణికిన వేళ్లు మొన ఆనగానే నిలిచిపోయాయి.

“అమ్మవారు పోసిన మొగాలు ఎన్ని బాగుచేసినానో సామీ,” అన్నారు.

తల్లి పోయాక కొడుకు రేషన్ కార్డు ఫొటో పట్టుకొచ్చేవాడట. బతికుండగా కొనివ్వలేని కాసులపేరు మెడలో వేయమనేవాడట. ఈయన కుంచెతో వేసిచ్చేవారు. మనవళ్లకు తెలిసిన అవ్వ ఆ కాసులపేరు పెట్టుకున్న అవ్వే. జ్ఞాపకం, అస్తిత్వం అంటూ గ్యాలరీల్లో మనం పెద్ద మాటలు చెప్పుకునేది ఈ పని గురించే.

నెగిటివ్‌ల చెక్కపెట్టె తెరిచారు. సగం ఖాళీ.

“ఎక్స్‌రే ఫిలిములు కొనేవాడొచ్చినాడు. వెండి తీస్తారంట. మావాడు కిలో లెక్కన తూచి ఇచ్చేసినాడు. ఇంట్లో యాడ పెట్టుకుందామంటాడు.”

ఆయన గొంతులో కోపం లేదు. నాకే వచ్చింది. నలుపు తెలుపు నెగిటివ్‌లో నలుపంటే వెండే, నిజమే. ఆ గుప్పెడు వెండి కోసం ఊరి ముఖాల్లో సగం కరిగించేశారు. పాత పటాలు లేకుండా పుష్పమాల చేసేలాంటి కళే లేదు. అన్నూ పాలకున్నతు మాథ్యూ అమెరికా ఆదివాసుల పాత ఫొటోల పక్కన అవే భంగిమల్లో తాను నిలబడి ‘యాన్ ఇండియన్ ఫ్రమ్ ఇండియా’ చేయగలిగారంటే, ఆ ఫొటోలను ఎవరో దాచబట్టే. తమిళ స్టూడియోల ఫొటోలను పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్, బ్రిటిష్ లైబ్రరీ సాయంతో డిజిటల్ ప్రతులుగా భద్రపరిచింది. తమిళనాడు సరిహద్దు ఇక్కడికి ఎంత దూరమని? మనకు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు చెప్పి మురవడం బాగా వచ్చు. చిన్న ఊళ్ల పెట్టెల్ని మాత్రం పాతసామాన్లవాడికి వదిలేశాం.

మీ ఊళ్లో మూతపడ్డ స్టూడియో ఉంటే ఈ వారమే వెళ్లండి. నెగిటివ్‌లను తడి తగలని చోట, కాగితం కవర్లలో పెట్టించండి. ఎవరి ఫొటో, ఏ ఊరు, ఏ ఏడు అన్నది ఆ స్టూడియో పెద్దాయన చెప్పగలిగినప్పుడే కవరు మీద రాసిపెట్టండి.