జి.కొండూరు కొండల్లో నీళ్లకు తేదీ ఉంటుంది

బెజవాడలో మైలవరం బస్సెక్కితే ఇబ్రహీంపట్నం, కొండపల్లి దాటాక జి.కొండూరు వస్తుంది. కొండపల్లి నుంచి ఎడమ చేతి వైపు కొండలు మనతోపాటే వస్తుంటాయి. నందిగామ, విజయవాడల మధ్య సుమారు 24 కిలోమీటర్లు సాగే వరస ఇది. తూర్పు కనుమల్లోంచి తెగిపడ్డ ముక్కలా ఉంటుంది. వానాకాలంలో పచ్చగా కళకళలాడుతుంది. శివరాత్రి దాటిందంటే బూడిద రంగుకు తిరుగుతుంది. బస్సులో చాలామంది ఫోన్‌లోంచి తలెత్తి కూడా చూడరు.

ట్రెక్కింగ్ అంటే మనవాళ్లకు అరకు, లంబసింగి గుర్తొస్తాయి. పొగమంచు, కాఫీ, ఒక రీల్. ఈ కొండ మీద అవేమీ దొరకవు. ఎండ, రాయి, ముళ్లు... ఇవి మాత్రం దండిగా ఉంటాయి. కానీ నీళ్ల గురించి ఏమైనా తెలుసుకోవాలంటే మాత్రం ఇక్కడ ఒక్క పూట నడవాలి.

అమెరికాలో పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అని ఒక నడక దారి ఉంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా కొండల మీదుగా సుమారు 4,270 కిలోమీటర్లు. ఆన్‌సైట్ వెళ్లిన మనవాళ్లు వీకెండ్‌లో దాని ముక్కలు నడిచి ఫొటోలు పెడుతుంటారు. ఆ దారిలో ఉత్తర కాలిఫోర్నియాలో హ్యాట్ క్రీక్ రిమ్ అనే గట్టు ఉంది. అక్కడ దాదాపు 48 కిలోమీటర్లు ఊట నీరు దొరకదు. నీడా అంతంతమాత్రమే. అలాంటి చోట్లకు వెళ్లేవాళ్లు మ్యాప్‌తోపాటు వాటర్ రిపోర్ట్ కూడా చూస్తారు. ఏ వాగు దగ్గర, ఏ తేదీన, ఎన్ని నీళ్లు కనిపించాయో నడిచినవాళ్లే రాసుకునే పట్టిక అది. పాత ఎంట్రీని ఎవరూ నమ్ముకోరు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది చిటికెలో అర్థమైపోతుంది. టైమ్‌స్టాంప్ లేని డేటాతో పని జరగదు.

మన కొండలకు అలాంటి పట్టిక లేదు. మేకలు కాసేవాళ్లున్నారు.

శివరాత్రి వెళ్లిన వారానికి నేనూ, నా కాలేజీ ఫ్రెండూ జి.కొండూరు వైపు నుంచి ఎక్కి, గట్టు మీదుగా కొండపల్లి కోట వైపు దిగాలని బయల్దేరాం. ఇది రిజర్వ్ ఫారెస్ట్ కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఆ పని ముందే చూసుకున్నాం. దారి తెలిసిన మనిషిగా ఊళ్లో మేకలు కాసే ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర, నడుముకు ఒక పాత సీసా. మేం బాబాయ్ అని పిలిచాం.

మా బ్యాగులు చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్ని నీళ్లు తెచ్చుకున్నారు బాబూ?"

"తలా నాలుగు లీటర్లు బాబాయ్."

"సరే. పైన చుక్క దొరకదనుకునే నడవండి. దొరికితే అది మేకలకి."

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మధ్య దారిలో నీలం గీతగా కనిపిస్తున్న వాగును చూపించాను. ఇందులో నీళ్లుంటాయా అని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. "ఎప్పుడు?"

"ఇప్పుడు."

"సంక్రాంతికి పారింది. రథసప్తమికి మడుగులయింది. ఇప్పుడు ఇసకే."

మ్యాప్‌లో గీత ఏడాది పొడవునా నీలంగానే ఉంటుంది. బాబాయ్ లెక్కలో ఆ వాగుకు మూడు పండగలకు మూడు రూపాలు.

ఆరున్నరకు ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి గంట హాయిగా ఉంది. తుమ్మ, చండ్ర, రేగు పొదల మధ్య సన్నటి మేకల బాట. అక్కడక్కడా ఆకు లేకుండా పూతే పూసిన మోదుగలు. కాస్త పైకి పోయాక తెల్ల పొణికి చెట్టు చూపించాడు బాబాయ్. కొండపల్లి బొమ్మలు చేసేది ఈ కర్రతోనే. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఉలికి చక్కగా లొంగుతుంది. ఆ రోజు మాత్రం చెట్టు ఒంటి మీద ఒక్క ఆకు లేదు. "చచ్చిపోయిందా?" అన్నాడు మావాడు. బాబాయ్ నవ్వాడు. "అది మనకన్నా తెలివిగలది. నీళ్లు లేనప్పుడు ఆకులెందుకు, దండగ!" నిజమే. చెట్టు నీటిని ఎక్కువగా పోగొట్టుకునేది ఆకుల ద్వారానే. ఎండాకాలానికి ముందే ఖర్చు తగ్గించుకుంటుందన్నమాట.

తొమ్మిదిన్నరకల్లా సీన్ మారింది. గట్టు మీద తల దాచుకోవడానికి చెట్టు లేదు. కింద రాయి కాలుతోంది. ఈ కొండల్లో చార్నకైట్ లాంటి గట్టి రాళ్లు ఎక్కువ. వాటిలోకి నీరు ఇంకదు. ఎక్కడైనా పగులు ఉంటే అందులో కాస్త నిలుస్తుంది. మిగతాదంతా జారిపోతుంది. దూరంగా ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్ పొగ గొట్టాలు, వాటి వెనక కృష్ణ మెరుస్తున్నాయి. అంత పెద్ద నది కళ్ల ముందే ఉంది. మనకు మాత్రం బ్యాగులో ఉన్నదే నీరు.

ఎండలో కొండ ఎక్కేటప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. నాలుగు లీటర్లంటే వీపు మీద నాలుగు కిలోలు. తాగేకొద్దీ బరువు తగ్గుతుంది, ధైర్యమూ తగ్గుతుంది. పదిన్నరకు మావాడి పిక్కలు పట్టేశాయి. అప్పటిదాకా ఆఫీసు జోకులు వేస్తున్నవాడు మాట్లాడటం మానేశాడు. ఓఆర్ఎస్ కలిపి ఇచ్చి, నా గొడుగు నీడలో కూర్చోబెట్టాం. ఇద్దరి దగ్గరా కలిపి మూడు లీటర్లే మిగిలాయి. కోట వైపు దిగాలంటే ఇంకా మూడు గంటల ఎండ. పక్కనున్న లోయలోంచి ఊరివైపు దిగితే గంటన్నర.

కోట చూడాలని నాకు చాలా ఉంది. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్ల కాలంలో మొదలైన కోట. 16వ శతాబ్దం ఆరంభంలో గజపతుల చేతిలో ఉన్నప్పుడు శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచాడు. పైన మహలు పక్కన ఊట నీటితో నిండే లోతైన కోనేరు ఉంది. ఇలాంటి పొడి కొండ మీద ముట్టడిని తట్టుకోవాలంటే ఫిరంగుల కన్నా ముందు అదే కావాలి.

బాబాయ్ మా మొహాలు చూసి, "కోట ఎక్కడికీ పోదు బాబూ. మనం దిగుదాం" అన్నాడు. దిగాం.

లోయలో నీడ తగిలాక మావాడికి మళ్లీ మాట వచ్చింది. ఒక బండ కింద చిన్న మడుగు, బురద రంగు నీళ్లు. బాబాయ్ చెప్పినట్టే అది మేకల వాటా. వెనకటి రోజుల్లో చిల్లగింజ అరగదీసి ఇలాంటి నీళ్లలో కలిపేవారట. మడ్డి అడుగుకు దిగి పైన తేట తేరుతుంది. అయితే తేట నీరంతా మంచినీరు కాదు. క్రిములు పోవాలంటే కాచాల్సిందే.

అక్కడే ఇంకొకటి కనిపించింది. ఎండిన వాగు ఒడ్డున తుమ్మ కొమ్మలకు మా తల ఎత్తులో ఎండు గడ్డి, పుల్లలు, ఒక చిరిగిన గోనె చుట్టుకుని వేలాడుతున్నాయి. ఎప్పటివి అని అడిగాను.

"బుడమేరు పొంగినప్పటివి. ఈ వాగులో నిలబడితే మనిషి కనపడేవాడు కాదు ఆ రోజు."

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఏరు బుడమేరు. ఈ కొండల తూర్పు వాలు మీద పడ్డ వాన వాగులై అందులోకే చేరుతుంది. వెలగలేరు రెగ్యులేటర్ ఉన్నది జి.కొండూరు మండలంలోనే. అక్కడి నుంచి మళ్లింపు కాలువ వరదను ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుపుతుంది. 2024 ఆగస్టు ఆఖరున కురిసిన కుండపోతకు ఆ కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది.

మా చేతిలో అర సీసా మిగిలి, చుక్క చుక్క చూసుకుని తాగుతున్న చోట, ఆరు నెలల కిందట మనిషి మునిగేంత నీరు పోయింది. కొండ ఒక్కటే. వచ్చిన నీరు ఆగదు, అంతే. కాస్తో కూస్తో ఆపేవి చెట్ల వేళ్లు, రాతి మీదున్న పలచటి మట్టి పొర. ఈ అడవిలో గ్రావెల్ తవ్వకాల గొడవ 2020, 21 సంవత్సరాల్లో పేపర్లకు ఎక్కింది. మట్టి పొర పోయిన వాలు మీద వాన ఇంకా తొందరగా కిందికి వస్తుంది. కింద ఉన్నది మన ఇళ్లే కాబట్టి, ఆ వార్తను అడవి వార్త అని పక్కన పెట్టేయలేం.

మీరు వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. వేసవిలో వద్దు. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అనుమతి, ఊరి మనిషి తోడు తప్పనిసరి. తలా నాలుగు లీటర్లకు తగ్గకుండా నీళ్లు, ఓఆర్ఎస్, టోపీ, పొడుగు చేతుల చొక్కా పెట్టుకోండి. సగం నీళ్లు అయిపోయేసరికి సగం దారి దాటకపోతే వెనక్కి తిరగండి. పక్కవాడు తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. వెంట వచ్చిన మనిషి ఆ పూట తన పని మానుకుని వస్తాడు. కూలి ముందే మాట్లాడుకుని, దిగగానే ఇచ్చేయండి.

మాకు కోట ఇంకా బాకీ ఉంది. వచ్చే డిసెంబరులో వెళ్దామనుకుంటున్నాం. బాబాయ్ నంబరు తీసుకున్నాను. బయల్దేరే ముందు రోజు ఆయనకు ఫోన్ చేసి, ఆ వాగులో మేకలు ఆఖరుసారి ఎప్పుడు తాగాయో అడుగుతాను.